వరసలో చివరి సైకిలు

దగ్గరికి జరగవే తల్లీ. ఇంకాస్త. అంత దూరాన కూర్చుంటే నేను గొంతు పెంచాలి. గొంతు పెంచి చెప్పే కథ కాదిది. కాళ్ళు చాపుకో, ఆ దుప్పటి ఇటు లాక్కో. ఆఁ, ఇప్పుడు విను.

ఒక దర్జీ ఆవిడ ఉండేది. చొక్కాలు, గౌన్లు, స్కూలు పిల్లల నిక్కర్లు, కిటికీ తెరలు, ఒకటేమిటి, గుడ్డ అన్నది ఏదైనా సరే ఆవిడ చేతిలో పడితే మాట వినేది. వీధి వైపు గదిలో కిటికీ కింద కుట్టు మిషను, పక్కన ఇస్త్రీ బల్ల, నేలంతా దారప్పోగులు. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు వెళ్ళేటప్పుడు అరికాళ్ళకి రంగురంగుల పోగులు అంటించుకుని మరీ వెళ్ళేవాళ్ళు. ఇంట్లో ఉండేది ఇద్దరే, తనూ, పెళ్ళి కాని కొడుకూ. ఆ అబ్బాయి లిఫ్టు మెకానిక్కు. పెద్ద పెద్ద బిల్డింగుల్లో లిఫ్టు మధ్యలో ఆగిపోతే లోపల ఇరుక్కున్నవాళ్ళు వాడి కోసమే కళ్ళల్లో ఒత్తులేసుకుని చూసేవాళ్ళు.

వాళ్ళ నాన్న పోయిన తీరు కాస్త చెప్పాలి. లేకపోతే తర్వాత సంగతి నీకు అర్థం కాదు. ఆయన ఓ పొద్దున పాలకని వెళ్ళి, పెద్ద రోడ్డు పక్కన గుండె పట్టుకుని కూర్చుండిపోయాడు. కరెంటు స్తంభానికి ఆనుకుని అలాగే ఒరిగిపోయాడు. బళ్ళు పోతూనే ఉన్నాయి. తాగి పడిపోయాడనుకున్నారో, మనకెందుకనుకున్నారో, ఒక్కరూ ఆగలేదు. కొడుకు వెతుక్కుంటూ వెళ్ళేసరికి అంతా అయిపోయింది. అప్పట్నుంచీ ఆ పిల్లాడికి తల్లి గుమ్మం దాటితే చాలు, ఎక్కడికి, ఎవరితో, ఫోనుందా, ఇవే ప్రశ్నలు. తల్లికి కోపం వచ్చేది కాదు. ఎందుకు అడుగుతున్నాడో తెలుసు కదా.

ఆవిడ కూడా ఆ తర్వాత చాలాకాలం బయటికి వెళ్ళలేదనుకో. కిటికీ కిందే కూర్చుని కుట్టింది కుట్టినట్టే ఉండేది. బతుకంతా మిషను కాలి చప్పుడే అయిపోయింది. అట్లాంటి మనిషిని సైకిలెక్కించింది ఎవరయ్యా అంటే, పళ్ళ డాక్టరు. చిన్న వయసే, మంచి పిల్ల. తెల్లకోట్లు కుట్టించుకోవడానికి వచ్చేది. ఎదుటివాళ్ళు నవ్వితే మొహం చూడదు, పళ్ళు చూస్తుంది. ఓ రోజు కొలతలిస్తూ, ఈవిడ నవ్వి ఎన్నాళ్ళయిందో పళ్ళు చూస్తే తెలిసిపోతోందని చెప్పి, సెలవు రోజు పొద్దున్నే చెయ్యి పట్టుకుని బరబరా బస్సు డిపోకి లాక్కెళ్ళింది.

ఆ డిపో ఆవరణలోనే ఈ సైకిలు జట్టు కలుసుకునేది. జట్టుకి పెద్ద సిటీ బస్సు డ్రైవరు. సైకిలు మీదున్నా బస్టాపు కనపడితే చాలు, వేగం తగ్గించి ఎవరైనా ఎక్కుతారేమోనని ఓ చూపు చూసేవాడు. అలవాటు. రెండో ఆయన బేకరీ ఆయన. భారీ మనిషి. ఆయన ఎక్కి కూర్చున్నాక సైకిలుకి సీటుందో లేదో తెలిసేది కాదు. ఆయనకి ఎత్తు రోడ్డంటే ఏడుపు. ఎక్కుడు రాగానే దిగిపోయి, తోసుకుంటూ, ఆ రోడ్డు వేసినవాణ్ణి తిట్టుకుంటూ వచ్చేవాడు. ఇంక డాక్టరు పిల్ల. అంతే జట్టు.

ఖాళీ డిపోలో బస్సుల మధ్య డ్రైవరు ఆవిడకి సైకిలు నేర్పాడు. ఎన్నిసార్లు పడిందో లెక్కలేదు. ఒకసారి నిలబడున్న బస్సుకే వెళ్ళి గుద్దింది. 'పిన్నీ, ఇంత పెద్ద బండి కనపళ్ళేదా' అంటే, 'కనపడింది నాయనా, అందుకే దాని వంకే చూస్తూ వెళ్ళిపోయాను' అందిట. అప్పట్నుంచీ ఆవిడ జట్టందరికీ పిన్నే. బేకరీ ఆయన ఆవిడకన్నా పెద్ద, అయినా పిన్నీ అనే పిలిచేవాడు. నీకు నేను పిన్నినైతే మీ అమ్మ నాకక్క, ఆవిడకిప్పుడు ఎన్నేళ్ళుండాలో లెక్కేసుకో అని ఆవిడ ఎన్నిసార్లు అన్నా వింటేగా.

ఈ జట్టుకో పద్ధతుంది. జాగ్రత్తగా విను, కథంతా దీని మీదే నడుస్తుంది. రోడ్డు మీద ఒకళ్ళ వెనక ఒకళ్ళు వరసగా వెళ్తారు. ముందున్న డ్రైవరు గుంట చూస్తే 'గుంట' అంటాడు. ఆ వెనకవాళ్ళు తమ వెనకవాళ్ళకి చెప్తారు. అట్లా మాట చివరిదాకా వస్తుంది. మలుపు వచ్చినప్పుడల్లా ఆయన 'తోక?' అని అడుగుతాడు. ఆ మాట కూడా అట్లాగే వెనక్కి వస్తుంది. అందరికన్నా వెనకున్న మనిషి 'తోకుంది' అని చెప్పాలి. ఆ జవాబు మళ్ళీ నోట నోట ముందుకి చేరాకే జట్టు మలుపు తిరుగుతుంది. జవాబు రాలేదా, ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోవాలి.

తోక ఎవరంటే, ఇంకెవరు, పిన్నే. మొదట్లో ఆవిడకి మనసు చివుక్కుమంది. ముసల్దాన్నని వెనక పడేశారనుకుంది. అప్పుడు డ్రైవరు, 'దారం చివర ముడెందుకేస్తావు పిన్నీ?' అని అడిగాడు. ముడి లేకపోతే కుట్టంతా జారిపోతుందని ఆవిడకి వేరే చెప్పాలా. అక్కణ్ణుంచి ఆ పని ఎంత ఇష్టంగా చేసేదనుకున్నావు. చేతి బారెడు దారం లాగినట్టు 'తోకుందీ...' అని సాగదీసి చెప్పేది. వారమంతా మిషను దగ్గర ఎవరితోనూ మాట్లాడకపోయినా, ఆ ఒక్క పూట ఆవిడ గొంతు కోసం ముగ్గురు రోడ్డు మీద ఆగుతారు. అది చిన్న సంగతా?

కొడుక్కి మాత్రం నచ్చలేదు. ఓసారి మోచెయ్యి దోక్కుపోయి వచ్చింది. వాడు అరవలేదు. దూది తెచ్చి తుడుస్తూ తుడుస్తూ మెల్లగా అన్నాడు.

'నా లిఫ్టుకి ఒక తీగ తెగితే ఇంకో తీగ పట్టుకుంటుందమ్మా. అన్నీ తెగినా కింద బ్రేకుంటుంది. నువ్వు పడితే నిన్నేది పట్టుకుంటుంది? ఇంకొక్కసారి పడ్డావంటే చైను ఊడదీసి సైకిలు అటకెక్కిస్తాను. నా మీద ఒట్టు, మళ్ళీ అడక్కూడదు.'

ఆవిడ సరేనంది. వాడి మొహం చూసి ఇంకేమనగలదు? కానీ ఆ మాట గుండెల్లో ముల్లులా ఉండిపోయింది. ఇంకొక్కసారి పడితే ఇంక డిపో లేదు, పిన్నీ అనే పిలుపు లేదు, మళ్ళీ ఆ కిటికీ, ఆ మిషను.

ఇదిలా ఉండగా, ఓ సెలవు రోజు ఎప్పుడూ వెళ్ళనంత దూరం, డ్యాం దాకా వెళ్దామని జట్టంతా అనుకున్నారు. దానికోసం ఆవిడ కొత్త పైజమా కుట్టుకుంది. అందరి పైజమాలూ చైనులో పడకుండా కాలి దగ్గర బిగుతుగా ఎలాస్టిక్ పెట్టి కుట్టిచ్చిన మనిషే. తనదాని దగ్గరికొచ్చేసరికి ముందురోజు ఎవరిదో గౌను అర్జెంటని, కాలి అంచు మడిచి కచ్చా కుట్టు వేసి వదిలేసింది. కచ్చా కుట్టంటే తెలుసుగా, మిషను మీద వెయ్యబోయే ముందు గుడ్డ కదలకుండా పెద్ద పెద్ద అంగలతో చేత్తో వేసే కుట్టు. పోగు లాగితే చాలు, మొత్తం ఊడి వచ్చేస్తుంది. వచ్చాక కుట్టుకుందాంలే, ఒక్క పూటకి ఏమవుతుందిలే అనుకుంది. ఊళ్ళోవాళ్ళకైతే చచ్చినా అట్లా ఇవ్వదు సుమా. తనదే కదా అని.

ఊరు దాటారు. రాళ్ళ క్వారీ దాటారు. ఎండ ఇంకా ఎక్కలేదు, గాలి చల్లగా ఉంది. వెనకనుంచి సర్రుమని చప్పుడు. తెలిసిపోయింది, 'బాణం' వస్తోందని. ఆ పేరు వీళ్ళు పెట్టుకున్నదే, అదో పాతికేళ్ళ పిల్ల. సన్న టైర్ల రేసు సైకిలు, ఒంటికి అతుక్కుపోయిన బట్టలు, నల్ల కళ్ళజోడు. వారం వారం వీళ్ళని దాటుకుని పోయేది. వీళ్ళు చేతులూపి పలకరించినా తల తిప్పేది కాదు. ఆ రోజూ అంతే. వీళ్ళు చెయ్యెత్తారు, ఆ పిల్ల ముక్కు సూటిగా పోయింది. మహారాణి మనలాంటి వాళ్ళని చూస్తే కళ్ళజోడు మాసిపోతుందని బేకరీ ఆయన అంటే, అందరూ నవ్వారు. పిన్ని కూడా నవ్వింది.

క్వారీ తర్వాత రోడ్డు జారుడుబల్లలా కిందికి దిగుతుంది. సగం దిగాక ఎడమ పక్కకి మలుపు. డ్రైవరు అడిగాడు, 'తోక?' డాక్టరు పిల్ల వెనక్కి చెప్పింది, బేకరీ ఆయన వెనక్కి చెప్పాడు.

సరిగ్గా అప్పుడే పిన్ని కాలి దగ్గర కచ్చా కుట్టు పుటుక్కుమంది. అంచు జారి, గుడ్డ వెళ్ళి చైనులో పడింది. చైను గుడ్డని మింగుతోంది, గుడ్డ కాలిని లాగుతోంది, సైకిలు ఒక పక్కకి ఒరుగుతోంది. అప్పుడేమనాలి? పడిపోతున్నానర్రా అనాలి కదా. ఆవిడేమందో తెలుసా?

'తోకుంది' అంది.

ఎందుకట్లా అందంటే ఏం చెప్పను. ఆ రెప్పపాటులో ఆవిడ కళ్ళ ముందు అటక కనపడింది. ఎవరూ చూడకుండా పడితే పడ్డట్టు కాదేమోనన్న పిచ్చి ఆశ. దానికి తోడు, ఏనాడూ ఎవరినీ తన కోసం ఆపి ఎరగదు. నోరు దాని పని అది చేసేసింది. ఆ జవాబు బేకరీ ఆయన నోటా, డాక్టరు నోటా ముందుకి వెళ్ళిపోయింది. జట్టు మలుపు తిరిగింది. పిన్ని సైకిలుతో సహా రోడ్డు పక్క గోతిలోకి వెళ్ళిపోయింది.

గొయ్యి లోతేం కాదు గానీ, పిచ్చిమొక్కలు దట్టంగా ఉన్నాయి. వెల్లకిలా పడింది. మీద సైకిలు, కాలు దానికి గుడ్డతో కట్టేసినట్టుంది. కుడి మణికట్టు కదిపితే ప్రాణం పోతోంది. చక్రం ఒకటి ఆకాశంలోకి చూస్తూ టిక్కు టిక్కుమని తిరిగి తిరిగి ఆగింది. ఫోను పెట్టుకున్న సంచి ఎగిరి అవతల మొక్కల్లో పడింది, అందదు. జన్మలో కత్తెర లేకుండా గుమ్మం దాటని మనిషి, ఆ రోజు బరువెందుకని ఇంట్లో పెట్టి వచ్చింది.

పైన రోడ్డు మీద ఒక లారీ పోయింది. తర్వాత ఒక కారు పోయింది. ఇంకో కారు. వాళ్ళకి తను కనపడదని ఆవిడకి తెలుసు. మొక్కల సందులోంచి తనకి మాత్రం వాళ్ళ టైర్లు కనపడుతున్నాయి. అప్పుడు తట్టింది ఆవిడకి. ఆయనకీ ఇట్లాగే వినపడి ఉంటాయి, ఒకటి తర్వాత ఒకటి. ఇన్నాళ్ళూ ఆయన పోయాడనే ఏడ్చింది గానీ, పోయేముందు ఏం విన్నాడో ఎప్పుడూ అనుకోలేదు. అది అనుకోగానే మణికట్టు నెప్పి కూడా మర్చిపోయింది. ఎంతో కష్టం మీద 'ఎవరైనా ఉన్నారా' అంది. పక్కన కూర్చున్న మనిషికి కూడా వినపడనంత చిన్నగా అంది.

సర్రుమని చప్పుడు. చప్పుడు దాటిపోయింది. అంతలో కీచుమని బ్రేకు.

గోతి అంచున నల్ల కళ్ళజోడు కనపడింది. బాణం. కింద మలుపు దాకా పోయి, ఎత్తు మళ్ళీ ఎక్కి వస్తోందిట, సాధన కోసం. రోడ్డు మీద గుడ్డపేలిక ఒకటీ, గోతిలో ఓ చక్రమూ కనపడ్డాయిట. 'ఏమండీ' అంది, తలుపు తట్టడానికి మొహమాటపడే పిల్లలా. అని కిందికి దిగింది. దాని బూట్లకి కింద ఇనప ముక్కలున్నాయి, జారి జారి సగం దూరం కూర్చునే వచ్చింది. సైకిలుని తన భుజాన మోసి పట్టుకుని, పెడలు వెనక్కి కొంచెం కొంచెం తిప్పుతూ గుడ్డ విడదీసింది. మోకాలి దగ్గర గట్టిగా బిగుసుకున్న చోట రాలేదు. చాకు లేదు. వంగి, పంటితో కొరికి పర్రున చింపింది. చింపి, అయ్యో మీ బట్టలు అంటూ బాధపడింది. పోనీవే, కుట్టిందాన్ని నేనే, నాకు బుద్ధి రావాలి అంది పిన్ని.

ఆ పిల్ల ఆవిడ వెనక కూర్చుని, తన ఒడిలోకి ఆనించుకుని, నీళ్ళు తాగించింది. కాస్త ఊపిరి తిరిగాక పిన్నికి ఉండబట్టలేదు.

'ఇంత మంచి పిల్లవి, వారం వారం మేం చేతులూపితే పలకవేమ్మా?'

ఆ పిల్ల మొహం ఎర్రగా అయిపోయింది. నీళ్ళ సీసా మూత బిగిస్తూ చెప్పింది.

'చెయ్యూపాలంటే హ్యాండిలు వదలాలి కదండీ. నాకు ఒంటిచేత్తో తొక్కడం రాదు. రేసు సైకిలు పెట్టుకుని ఇది రాదని తెలిస్తే నవ్వుతారని...'

పిన్ని ఆ గోతిలో, ఆ నెప్పిలో, నవ్వింది. నవ్వుతుంటే మణికట్టు నెప్పెట్టి అబ్బా అంది, మళ్ళీ నవ్వింది. ఆ పిల్లా నవ్వింది.

ఈలోగా కింద ఏం జరిగిందంటే, ఇంకో మలుపు వచ్చింది. డ్రైవరు తోకని అడిగాడు. మాట బేకరీ ఆయన దాకా వచ్చి ఆగిపోయింది. వెనక్కి చూస్తే ఖాళీ రోడ్డు. అప్పుడు ఆయన నెత్తి కొట్టుకున్నాడు. ఇందాకటి 'తోకుంది' సాగలేదు, పుటుక్కున తెగింది, అప్పుడే అనుమానమొచ్చింది, అయినా ఆగకుండా వచ్చేశానన్నాడు. అంటూనే సైకిలు తిప్పేశాడు. ఎవరితోనూ ఇంకో మాట లేదు.

పిన్నిని బాణం పైకి తెచ్చి రోడ్డు అంచున కూర్చోబెట్టేసరికి, కింద నుంచి ఒక సైకిలు ఎక్కుతూ కనపడింది. అందరికన్నా ముందు ఎవరనుకున్నావు? బేకరీ ఆయన. ఎత్తు కనపడితే దిగి తోసుకునే మనిషి, ఆ రోజు దిగలేదు. సీటు మీంచి లేచి నిలబడి, కమ్మరి కొలిమి తిత్తిలా రొప్పుతూ, అంత ఎత్తూ తొక్కుకుంటూనే వచ్చాడు. వచ్చి చెయ్యి చాపి ఆవిడ నెత్తిన అంటుకున్న గడ్డిపరక తీసి పారేసి, పక్కన కూలబడిపోయాడు.

డాక్టరు పిల్ల మణికట్టు పట్టుకుని అటూ ఇటూ వంచి చూసింది. నాకు పళ్ళ సంగతే బాగా తెలుసు పిన్నీ, అయినా ఇది విరగలేదు, బెణికింది, ఊరెళ్ళాక ఎక్స్‌రే తీయిద్దాం అని, తన తలకి కట్టుకున్న గుడ్డ విప్పి గట్టిగా కట్టు కట్టింది. గుడ్డని పంటితో చింపిందని తెలిసి బాణాన్ని నోరు తెరవమని అక్కడికక్కడే ముందు పళ్ళు చూసింది కూడా. డ్రైవరు వంగిన చక్రాన్ని రెండు కాళ్ళ మధ్య పెట్టుకుని నొక్కి, తిరిగేలా చేశాడు. పాత ట్యూబు ముక్క కోసి, చిరిగిన పైజమా కాలికి చుట్టి ముడేశాడు. అంతా అయ్యాక, తెలిసిన వ్యాను ఉంది, పిలుస్తాను, సైకిలు పైన వేసుకుని ఇంటి ముందు దింపుతాడు అన్నాడు.

అప్పటిదాకా ఓర్చుకున్న మనిషి, ఆ మాటకి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. కొడుకు ఒట్టు సంగతి చెప్పింది. వ్యానులో దిగానంటే ఇదే నేను మిమ్మల్ని చూడటం అంది. వాడికి తెలియనివ్వకండి, మీకు దణ్ణం పెడతాను అంది.

ముందు బేకరీ ఆయనే, తలుపు సందులో చెయ్యి పడిందని చెప్పేద్దాం, కావాలంటే మా బేకరీ తలుపే అని చెప్పండన్నాడు. పైజమా కూడా తలుపే చింపిందా అని డాక్టరు పిల్ల అడిగింది. కుక్క అన్నాడాయన. బేకరీ తలుపు, కుక్క, గోతిలో గడ్డి, అన్నీ ఒక్క పొద్దుటే ఎట్లా కుదురుతాయో చెప్పండని ఆ పిల్ల పట్టుకుంది. డ్రైవరు ఆ గొడవలో తల పెట్టలేదు. పిన్ని ముందు గొంతుక్కూర్చున్నాడు.

'నేను అబద్ధం చెప్పను పిన్నీ, నీ కొడుకు నన్ను అడిగితే ఉన్నదే చెప్తాను. కానీ ఒక్క మాటిస్తాను. నువ్వు వ్యానులో వెళ్ళవు. నీ సైకిలు మీదే ఇంటికెళ్తావు.'

ఎట్లా తీసుకెళ్ళారో చూడు. ఆవిడ ఎడం చేత్తో హ్యాండిలూ బ్రేకూ పట్టుకుంది. కుడి చెయ్యి ఒళ్ళో పెట్టుకుంది. ఒక పక్క డ్రైవరు, ఒక పక్క డాక్టరు పిల్ల, ఇద్దరూ ఆవిడ వీపు మీద చెరో అరచెయ్యి వేసి తోస్తూ తొక్కారు. బేకరీ ఆయన ఎదురుగాలికి గోడలా ముందు తొక్కాడు. అందుకు ఆయనకన్నా తగినవాడు లేడని అందరూ ఒప్పుకున్నారు. బాణానికి ఒంటిచేత్తో తొక్కడం రాదు కనక తోయలేదు. నేను వెనకుంటానంది. వాయువేగంతో పోయే పిల్ల, ఆ రోజు నడిచే మనిషి దాటిపోయేంత నిదానంగా తొక్కింది. ఎక్కుడు దగ్గర సైకిలు బరువెక్కుతుందని పిన్ని భయపడింది. బరువు తెలియనేలేదు. మధ్యమధ్య డాక్టరు పిల్ల చెయ్యి అలిసి వణికేది, అయినా తీసేది కాదు. ఆ వణుకు వీపు మీద తెలుస్తుంటే పిన్ని రోడ్డు వంకే చూస్తూ తొక్కింది.

వీధి మొదట్లోకి వచ్చారు. డ్రైవరు సైకిలాపి, ఇక్కణ్ణుంచి నీ ఇష్టం పిన్నీ అన్నాడు. ఇక్కడే వదిలేస్తే ఒక్కదాన్నే వెళ్ళి, చెయ్యి వీపు వెనక దాచుకుని, సైకిలు లోపల పెట్టేసి, చిరిగిన పైజమా కట్టెల కింద కుక్కేస్తే సరి. రెండు రోజులు నొప్పెట్టినా, కుట్టి కుట్టి వచ్చిందంటే వాడు నమ్ముతాడు. అవన్నీ దారిలోనే ఆలోచించి పెట్టుకుంది. సరే, మీరెళ్ళండి అని చెప్పి, ఒంటిచేత్తో వంకర టింకరగా బయలుదేరింది.

నాలుగిళ్ళు దాటిందో లేదో, కాలు కింద పెట్టేసింది. ఇంటి ముందు మెట్టు మీద కొడుకు కూర్చుని ఉన్నాడు. ఇటు చూడటం లేదు. కింద పరిచిన పాత కాగితం మీద పనిముట్లు పెట్టుకుని ఒక్కోటీ తుడుస్తున్నాడు. సెలవు రోజు కూడా పొద్దుటే లేచి అట్లా వీధిలోనే కూర్చుంటాడని ఆవిడకి ఆ రోజుదాకా తెలియదు. తను వెళ్ళిన దగ్గర్నుంచి వచ్చేదాకా అక్కడే ఉంటాడన్నమాట. లోపలికి వెళ్ళి ఏమెరగనట్టు పడుకుంటాడన్నమాట, తను రావడం చూసి.

ఆవిడ సైకిలు వెనక్కి తిప్పలేకపోయింది, చెయ్యొకటే కదా. అందుకని అక్కణ్ణుంచే మెడ తిప్పి, రండి అంది. అందరూ రండి, వాడు మిమ్మల్ని చూడాలి అంది.

వరసగా వెళ్ళి ఆ మెట్టు ముందు ఆగారు. కొడుకు తలెత్తి చూశాడు. ముందు తల్లి మొహం, తర్వాత కట్టు, తర్వాత ట్యూబు ముక్కతో చుట్టిన కాలు. చేతిలో స్పానరు అలాగే ఉండిపోయింది.

'పడ్డానురా' అంది ఆవిడ. 'గోతిలో పడ్డాను. ఈ అమ్మాయి దిగి తీసింది. వీళ్ళు ముందుకెళ్ళిపోయినవాళ్ళు, నేను లేనని తెలిసి ఆ ఎత్తంతా మళ్ళీ ఎక్కి వచ్చారు.'

వాడు లేచాడు. తల్లి చేతిలోంచి సైకిలు తీసుకుని లోపలికి వెళ్ళిపోయాడు. లోపల ఏదో ఇనుము చప్పుడైంది. జట్టంతా నేల చూపులు చూశారు. బేకరీ ఆయన, మేం వెళ్తాం పిన్నీ అని గొణిగాడు.

అంతలో వాడు రెండు కుర్చీలు, మిషను ముందుండే స్టూలూ పట్టుకుని బయటికొచ్చాడు. కూర్చోండి అన్నాడు. అవి చాలక బాణం మెట్టు మీద కూర్చుంది. అప్పుడు వాడు అడగడం మొదలుపెట్టాడు. పాడైన లిఫ్టు దగ్గరికి వెళ్తే ఎట్లా అడుగుతాడో అట్లా. ముందు ఏ చప్పుడు వచ్చింది, ఎక్కడ ఆగారు, ఎవరు ముందు గమనించారు. బేకరీ ఆయన, ఆవిడ రోజూ మాట సాగదీస్తుంది, ఇవాళ సాగలేదని చెప్పాడు. కొడుకు మళ్ళీ అడిగాడు, అంతేనా, అంతమాత్రానికే వెనక్కి తిరిగారా అని. వెంటనే తిరగాల్సింది బాబూ, ఒక మలుపు ఆలస్యం చేశాను అన్నాడాయన తప్పు చేసినవాడిలా.

కొడుకు, టీ పెడతానని లేచి లోపలికి వెళ్ళాడు.

ఎంతకీ రాడు. తల్లి లేచి వంటింట్లోకి వెళ్ళింది. టీ పొంగి పొయ్యంతా పారుతోంది. వాడు గోడ వైపు తిరిగి నిలబడి ఉన్నాడు. చెయ్యి వాడి భుజం మీద వేసింది.

'ఆ రోడ్డు మీద' అన్నాడు వాడు. 'నాన్న దగ్గరికి ఇట్లాంటివాళ్ళు ఒక్కళ్ళొచ్చినా...'

తండ్రి పోయినరోజు కూడా ఏడవని పిల్లాడు, ఆవిడ భుజాన తల పెట్టి ఏడ్చాడు. ఆవిడ ఎడం చేత్తో పొయ్యి కట్టేసి, వాణ్ణి పట్టుకుని నిలబడింది. వీధిలో డాక్టరు పిల్ల ఎవరి పళ్ళ గురించో గట్టిగా ఏదో చెప్తోంది. లోపలివాళ్ళ ఏడుపు లోపలే ఉండాలని, బయట కావాలని చప్పుడు చేస్తున్నారని ఆవిడకి అర్థమైంది.

మళ్ళీ పెట్టిన టీ గ్లాసులు చాలక, బియ్యం కొలిచే గ్లాసులోనూ, అన్నం గిన్నెలోనూ పోసుకుని తాగారు. గిన్నె బేకరీ ఆయనకిచ్చారు. ఆయన మహా సంతోషించాడు.

ఆ సాయంత్రం కొడుకు సైకిలు తలకిందులుగా పెట్టి, చైను ఊడదీశాడు. మళ్ళీ అడక్కూడదన్న ఒట్టు గుర్తొచ్చి ఆవిడ అడగలేదు. వాడు చైను చక్రం పళ్ళ మధ్య ఇరుక్కున్న గుడ్డపోగులన్నీ ఓపిగ్గా ఒక్కోటీ లాగి తీశాడు. చైను కిరోసినులో కడిగి ఆరబెట్టాడు. ఇద్దరూ సైకిలు మాట ఎత్తలేదు. వారాలు గడిచాయి. సెలవు రోజు పొద్దున్నే జట్టు ఆ వీధిలోంచే వెళ్ళేది. వెళ్తూ వెళ్తూ కిటికీ ముందు నిదానించేవాళ్ళు. ఆవిడ మిషను ఆపి ఎడం చెయ్యి ఊపేది. కొడుకు మెట్టు మీద కూర్చుని చూసేవాడు.

మణికట్టు మామూలయింది. ఆ తర్వాత ఓ సెలవు రోజు ఆవిడ తెల్లారి లేచి తలుపు తీస్తే, మెట్టు కింద సైకిలు నిలబెట్టి ఉంది. చక్రం వంకర తీసి, గాలి కొట్టి, చైను ఎక్కించి, తడిగుడ్డతో తుడిచి. వెనక్కి తిరిగి చూస్తే కొడుకు గోడ వైపు తిరిగి పడుకునే ఉన్నాడు. నిద్రపోతున్నాడో, నిద్ర నటిస్తున్నాడో ఆవిడ వంగి చూడలేదు. చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేసుకుని వెళ్ళిపోయింది.

అదీ సంగతి. ఏ ఇంట్లోనైనా ఓ పెద్దావిణ్ణి గుమ్మం దాటొద్దన్నారని నీ చెవిన పడిందనుకో, వెళ్ళి కూర్చుని ఇది చెప్పాలి నువ్వు. మర్చిపోకు. కొడుకు ఏడ్చాడని తొందరపడి ముందే చెప్పెయ్యకు సుమా. ఆవిడ గోతిలో పడుకుని బళ్ళ చప్పుడు విన్నది చెప్పాక, అప్పుడు చెప్పు.